మార్కెట్ డల్ అయితే మన పని, మన జీతం సంగతేంది? – తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లు, గ్రానైట్ క్వారీలు, కటింగ్ మిల్లులు, పొగాకు గ్రేడింగ్ షెడ్లలో పనిచేసేవాళ్ళు, పిల్లల్ని హైదరాబాదు, బెంగుళూరు పంపినవాళ్ళు అడిగే సందేహాలివి. పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలు చూసే పని నాది కాబట్టి ఎగుమతులు పడిపోయిన ప్రతిసారీ ఇవే ప్రశ్నలు నా బల్ల దగ్గరికి వస్తాయి. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌ల (కార్మిక చట్టాల) ప్రకారం జవాబులు రాశాను.

## మార్కెట్ డల్ అవుతున్నప్పుడు

మాంద్యం వచ్చిందని టీవీలో చెప్పేదాకా మనకు తెలియదా?

మనకే ముందు తెలుస్తుంది. వరుసగా రెండు త్రైమాసికాలు దేశ ఉత్పత్తి తగ్గితే లెక్క ప్రకారం మాంద్యం అంటారు. 2020లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మన దేశంలో అదే జరిగింది, కానీ ఆ లెక్క బయటికొచ్చింది నవంబరు ఆఖర్లో. మార్చిలోనే ఇళ్ళకు నడిచిపోయిన కూలీకి ఆ వార్తతో పనేముంది? ప్లాంట్లలో గుర్తులు వేరు. మొదట ఓటీ, అంటే అదనపు గంటల పని, ఆగుతుంది. ఆదివారం షిఫ్టు పోతుంది. ఏడో తారీఖు పడే జీతం పదిహేనుకు జరుగుతుంది. నేను బాగా నమ్మేది మాత్రం ప్లాంటు బస్సు. పల్లెలకు రెండు ట్రిప్పులు తిప్పే బస్సు ఒక్క ట్రిప్పే తిప్పుతోందంటే, ఆ రెండో ట్రిప్పు మనుషుల అవసరం తీరిందని యాజమాన్యం ముందే లెక్క వేసుకుందన్నమాట.

అమెరికావాడు సుంకం వేస్తే పీలింగ్ షెడ్డులో నాకెందుకు పని తగ్గాలి?

మన రొయ్యకు అన్నిటికన్నా పెద్ద గిరాకీ అమెరికాదే. 2025 ఆగస్టు 27 నుంచి అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. అక్కడి కొనుగోలుదారు ఆ భారం తను మొయ్యడు, ఎగుమతిదారు మీదికి నెడతాడు. ఎగుమతిదారు చెరువు గట్టు మీద కౌంటు రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర) తగ్గిస్తాడు. మేత ఖర్చు కూడా రాదనుకున్న రైతు తర్వాతి పంటకు సీడ్ (రొయ్య పిల్లలు) వెయ్యడు, చెరువు ఎండగట్టేస్తాడు. మన చెరువుల్లో పెంచే వనామి రొయ్య పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అందువల్ల ఈరోజు సీడ్ వెయ్యని చెరువు తాలూకు ఖాళీ మీ షెడ్డులో మూడు నాలుగు నెలల తర్వాత కనిపిస్తుంది.

ఇది రెండు వైపులా పనిచేస్తుంది. సుంకం వార్త వచ్చిన నెలలో షెడ్డు నిండా సరుకుంటే "మనకేం కాలేదు" అనుకుంటారు. సుంకం తగ్గిన రోజున పని రాకపోతే "మోసం చేస్తుండారు" అనుకుంటారు. రెండుసార్లూ జరుగుతున్నది ఆ పంట కాలం ఆలస్యమే.

ముందు ఎవరిని ఆపేస్తారు?

కిలో లెక్కన వలిచే ఆడవాళ్ళని, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్ళని. వాళ్ళని ఆపడానికి కాగితం అక్కర్లేదు, మేస్త్రీకి ఒక్క ఫోన్ చాలు. తర్వాత ఐసు ఫ్యాక్టరీలు, వ్యాన్లు, హేచరీల్లో రోజు కూలీలు. ఆ తర్వాత సూపర్‌వైజర్లు. కంపెనీ పేరోల్లో ఉన్న పర్మినెంటు ఆఖరి వరస. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు కూడా ఇదే క్రమం. బ్లాక్ గెలాక్సీ రాయి ఎక్కువగా బ్లాకులుగానే చైనాకు పోతుంది. అక్కడ ఇళ్ళ కట్టుబడి మందగిస్తే యార్డులో బ్లాకులు పేరుకుంటాయి, డ్రిల్లింగు ముఠాలు ముందు ఖాళీ అవుతాయి.

ఇది కొన్నాళ్ళకు పోయే మందగింపా, మొత్తానికే పోయే పనా? ఎట్ట తెలుసుకునేది?

నన్నడిగితే అన్ని ప్రశ్నల్లోకి పెద్ద ప్రశ్న ఇదే, కానీ అడిగేవాళ్ళు తక్కువ. కొనేవాడి చేతిలో డబ్బు తగ్గి గిరాకీ పడితే అది తిరిగొస్తుంది. కొనేవాడికి ఆ వస్తువే అక్కర్లేకుండా పోతే రాదు. గూడూరు, సైదాపురం అభ్రకం గనులు ఒకప్పుడు వేలమందికి అన్నం పెట్టాయి. వాల్వు రేడియోలు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి, అభ్రకానికి బదులు వాడే సరుకులు వచ్చాయి, ఆ గిరాకీ మళ్ళీ ఆ స్థాయిలో లేవలేదు. మార్కాపురం పలకదీ అదే కథ. బళ్ళో పిల్లలు నోటు పుస్తకాలకు మారాక పలకల యూనిట్లు ఎంత కాచుకున్నా ఆ రోజులు తిరిగి రాలేదు.

రొయ్య అలా కాదు. తినేవాళ్ళు ఉంటారు, దేశం మారుతుంది, రేటు మారుతుంది. గ్రానైటు కూడా అంతే. పొగాకు విషయంలో నాకంత ధీమా లేదు. ఏటా వేలంలో "నో బిడ్" (కొనేవాడే లేని) అయిన బేళ్ళతో రైతులు గొడవ పడటం ఒక ఎత్తు, సిగరెట్టు తాగేవాళ్ళను తగ్గించాలని ప్రభుత్వాలే పనిగట్టుకుని చూడటం ఇంకో ఎత్తు. గ్రేడింగ్ షెడ్డు మీదే బతికే ఇంట్లో పిల్లల్ని ఆ పనికే అలవాటు చెయ్యకపోవడం మంచిది.

నిరుద్యోగం తగ్గిందని పేపర్లో వేస్తారు, మా ఊళ్ళో చూస్తే అందరూ ఖాళీనే. ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు. ప్రభుత్వ కార్మిక సర్వేలో 2018-19లో 5.8 శాతం ఉన్న నిరుద్యోగ రేటు కరోనా ఏడాది 2020-21లో 4.2 శాతానికి తగ్గింది. అదే కాలంలో పనిచేసేవాళ్ళలో వ్యవసాయం మీద ఉన్నవాళ్ళ వాటా 42.5 నుంచి 46.5 శాతానికి పెరిగింది. హైదరాబాదులో బేల్దారి పని పోయి కనిగిరి వచ్చి అన్న పొలంలో కందికి కలుపు తీసినవాడు లెక్కలో "పనిలో ఉన్నవాడే". పేదవాడికి ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు కాబట్టి మన దగ్గర మాంద్యం నిరుద్యోగంగా కంటే తక్కువ కూలీగా, తక్కువ గంటలుగా కనిపిస్తుంది.

## పని తగ్గించినప్పుడు

"సరుకొస్తే ఫోన్ చేస్తాం" అంటుండారు. నన్ను తీసేసినట్టా, కాదా?

తీసెయ్యలేదు. చట్టంలో దీన్ని లే-ఆఫ్ అంటారు. 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే ఫ్యాక్టరీ లేదా గనిలో మీ పేరు మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉండి, ఏడాది సర్వీసు నిండితే, పని ఇవ్వని రోజులకు బేసిక్, డీఏ (కరువు భత్యం)లో సగం ఇవ్వాలి. ఏడాదిలో 45 రోజులు దాటాక ఒప్పందం ఉంటే ఆ చెల్లింపు ఆపొచ్చు. బదిలీ (ఇంకొకరి బదులు పనిచేసే), క్యాజువల్ కూలీలకు ఇది రాదు. సీజన్ ఫ్యాక్టరీలకూ వర్తించదు. రొయ్యల ప్లాంట్లు ఈ సీజన్ మాటను వాదనకు తెస్తుంటాయి, కానీ ఏది సీజన్ పనో తేల్చేది ప్రభుత్వం.

ఎక్కువమంది నష్టపోయేది ఇంకోచోట. లే-ఆఫ్ రోజుల్లో పనివేళకు రోజుకొకసారైనా గేటు దగ్గర హాజరు కాకపోతే ఆ సగం అడిగే హక్కు పోతుంది. "ఫోన్ చేస్తాం" అనే మాటలో ఉన్న కిటుకే అది, మీరు ఇంట్లో ఉండిపోవడం. గేటు దగ్గరికెళ్ళండి, సెక్యూరిటీ పుస్తకంలో పేరు రాయించండి, ఆ పేజీ ఫోటో తీసుకోండి. రాయనివ్వకపోతే, వచ్చామని ఆ పొద్దే సూపర్‌వైజరుకు వాట్సాప్ మెసేజ్ పెట్టండి.

అందరికీ జీతం రెండు వేలు తగ్గించారు. ఇష్టముంటే ఉండండి లేకుంటే పోండి అంటుండారు. ఇట్ట చెయ్యొచ్చా?

చెప్పాపెట్టకుండా చెయ్యకూడదు. జీతం, పనిగంటలు, సెలవులు తగ్గించాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తగ్గించిన తర్వాత కూడా కనీస వేతనం కంటే కిందికి పోకూడదు, మీరు ఒప్పుకుని సంతకం పెట్టినా సరే. ఇక్కడ యాజమాన్యాల తెలివితేటలు వేరు. జీతం అలాగే ఉంచి టీ ఆపేస్తారు, బస్సు ఆపేస్తారు, హాస్టలుకు డబ్బులు పట్టుకుంటారు. జీతం తగ్గినట్టు ఎక్కడా కాగితం మీద ఉండదు. అందుకని పే స్లిప్పులో కోతల వరస చదవడం అలవాటు చేసుకోండి.

సగం మందిని మానిపించి ఆ పని మా మీదే వేస్తుండారు. ఎంతసేపు చెయ్యాల?

వారానికి 48 గంటలు. దానిపైన చేసిన ప్రతి గంటకూ రెట్టింపు రేటు. మార్కెట్ బాగలేదు కాబట్టి ఓటీకి మామూలు రేటే అనే నియమం ఏ చట్టంలోనూ లేదు.

కాంట్రాక్టరు రెండు నెలలు జీతం ఎగ్గొట్టి ఫోన్ ఆపేశాడు. కంపెనీ వాళ్ళు మాకు సంబంధం లేదంటుండారు.

సంబంధం ఉంది. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న కంపెనీ ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం వాళ్ళ తలనొప్పి. మీరు ఆ కంపెనీలో పనిచేసినట్టు చూపించగలగాలి. గేట్ పాస్, టోకెన్, ప్లాంట్ యూనిఫారంలో దిగిన ఫోటో, మేస్త్రీ పంపిన షిఫ్టు మెసేజ్, కిలోల లెక్క రాసిన చీటీ, ఏదైనా పనికొస్తుంది. వలుపు కూలీ చీటీలు వారం వారం చించేస్తారు, చించేలోపు ఫోటో తీసుకోండి. బకాయి జీతం కోసం మూడేళ్ళలోపు దరఖాస్తు చెయ్యొచ్చు. అధికారి తలుచుకుంటే బకాయికి పది రెట్ల దాకా పరిహారం వెయ్యొచ్చు.

డల్ సీజన్‌లో ప్రమాదాలు తగ్గుతాయా, పెరుగుతాయా?

కాగితం మీద తగ్గుతాయి. పని తగ్గడం ఒక కారణం. చెబితే ఉన్న పని పోతుందని వేలు నలిగినా దాచుకోవడం రెండోది. క్వారీలో తాడు మార్చాల్సిన సమయం దాటినా మార్చకపోవడం, డ్రిల్లింగులో నీళ్ళ ఖర్చు మిగలబెట్టి పొడి డ్రిల్లింగ్ చేయించడం డబ్బు లేనప్పుడే మొదలవుతాయి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. క్వారీల భద్రత చూసేది కేంద్ర గనుల భద్రతా డైరెక్టరేట్. అభ్రకం రోజుల నుంచీ నెల్లూరు గనుల ప్రాంతం కాబట్టి దాని ప్రాంతీయ కార్యాలయం నెల్లూరులోనే ఉంది. పేరు బయటికి రాకుండా ఫిర్యాదు చెయ్యొచ్చు.

మా కోడలికి ఆరో నెల. ఇప్పుడు పని తగ్గింది, నువ్వు మానెయ్యమ్మా అన్నారంట.

మానొద్దనండి. గర్భంతో ఉందని తీసెయ్యడం నేరం. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాల జీతంతో సెలవు హక్కు. ఈఎస్ఐ ఉంటే ఆ డబ్బు యాజమాన్యం జేబులోంచి కాదు, ఈఎస్ఐ నుంచే వస్తుంది. ఆ సంగతి గుర్తు చేస్తే చాలాచోట్ల గొడవ అక్కడితో ఆగిపోతుంది.

## పని పోయినప్పుడు

"రిజైన్ రాసిచ్చేయ్, డబ్బులు త్వరగా వస్తాయి" అంటుండారు. రాసివ్వాలా?

వద్దు. మీ అంతట మీరు మానుకున్నారని కాగితం ఉంటే నోటీసు జీతం లేదు, పరిహారం లేదు, ఈఎస్ఐ నిరుద్యోగ భృతికీ చిక్కు వస్తుంది. తీసేసినా, మానేసినా రావలసిన జీతమంతా రెండు పనిదినాల్లో ఇవ్వాలని చట్టమే చెబుతోంది. "త్వరగా" ఇవ్వడం వాళ్ళు చేసే మేలు కాదు. ఇప్పటికే రాసిచ్చి ఉంటే, ఒత్తిడి మీద రాశానని ఆ వారంలోపే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. తెల్ల కాగితం మీద సంతకం మాత్రం తెలిసినవాడు అడిగినా పెట్టొద్దు.

లెక్క ప్రకారం తీసేస్తే నాకెంత రావాలి?

ఆరేళ్ళ సర్వీసు, నెలకు 15,000 జీతం అనుకుందాం. నెల ముందు నోటీసు ఇవ్వకపోతే దానికి బదులు 15,000. ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం సుమారు 45,000. గ్రాట్యుటీ (సర్వీసు ఏళ్ళను బట్టి పని మానేటప్పుడు ఇచ్చే డబ్బు) 15,000ను 26తో భాగించి, 15తో, ఆరుతో హెచ్చిస్తే 51,923. రీ-స్కిల్లింగ్ ఫండ్ (పని పోయినవాళ్ళు కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన నిధి) కింద యజమాని కట్టాల్సిన 15 రోజుల జీతం 7,500, ఇది 45 రోజుల్లో మీ ఖాతాలో పడాలి. మొత్తం లక్షా పందొమ్మిది వేల పైచిలుకు. పీఎఫ్ వేరే.

పర్మినెంటుకు గ్రాట్యుటీ ఐదేళ్ళు నిండితేనే. ఇన్నాళ్ళకని రాసుకున్న ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాదికే వస్తుంది. సూపర్‌వైజరుగా 18,000 పైన తీసుకునేవాళ్ళకు తొలగింపు పరిహారం నియమాలు వర్తించవు, గ్రాట్యుటీ మాత్రం వస్తుంది. "సూపర్‌వైజర్" అని ఉత్తుత్తి హోదా ఇచ్చి జీతం కొంచెం పెంచితే సంబరపడేముందు ఇది గుర్తుంచుకోండి.

పీఎఫ్ మొత్తం తీసేసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ అవసరమైనంతే తీసుకోమంటాను. 2025 అక్టోబరులో ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ చూసే సంస్థ) ధర్మకర్తల మండలి తీసుకున్న నిర్ణయం ప్రకారం పని పోయిన వెంటనే 75 శాతం, 12 నెలలు పని లేకుండా ఉంటే మిగతాది. పింఛను వాటా ముట్టుకుంటే ఇప్పటిదాకా చేసిన సర్వీసు పోతుంది. నెలనెలా పింఛనుకు మొత్తం పదేళ్ళ సర్వీసు కావాలి. ఎనిమిది, తొమ్మిదేళ్ళ దగ్గర ఆ కాస్త డబ్బు కోసం సర్వీసు పోగొట్టుకున్నవాళ్ళను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

కంపెనీ మీరు మానేసిన తేదీ వెయ్యకపోతే క్లెయిమ్ కదలదు. ఆఖరి చందా పడి రెండు నెలలయ్యాక ఆ తేదీ మీరే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు మీ దగ్గరే ఉండాలి. మేస్త్రీ నంబరు ఇచ్చినవాళ్ళు ముందు అది మార్పించుకోండి.

ఈఎస్ఐ కార్డు ఆ రోజుతో చెల్లకుండా పోతుందా?

పోదు. ఏప్రిల్-సెప్టెంబరు చందాకు మరుసటి జనవరి-జూన్ దాకా, అక్టోబరు-మార్చి చందాకు జులై-డిసెంబరు దాకా వైద్యం దొరుకుతుంది. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుంది. పని పోతే రోజు సగటు సంపాదనలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇస్తారు, జీవితంలో ఒక్కసారే. క్రమశిక్షణ చర్య కింద తీసేసినా, మీరే మానుకున్నా రాదు. దాని గడువును విడతలుగా పెంచుకుంటూ వస్తున్నారు కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున అమల్లో ఉందో లేదో ఈఎస్ఐ బ్రాంచిలో అడగండి.

లేబర్ ఆఫీసుకు పోతే చుట్టుపక్కల ఏ ప్లాంటులోనూ పని ఇవ్వరంట కదా?

ఆ భయం ఉత్తదని చెప్పలేను. పర్చేజ్ మేనేజర్లు, హెచ్ఆర్‌లు ఒకరికొకరు తెలిసినవాళ్ళే. అందుకే ఒక్కరు పోవద్దు, పదిమంది ఒకే అర్జీ మీద సంతకం పెట్టండి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కార్మిక శాఖ ఉప కమిషనర్ కార్యాలయాలున్నాయి. అక్కడ రాజీ కుదరక 45 రోజులు దాటితే కార్మిక వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు నేరుగా పోవచ్చు, తీసేసి రెండేళ్ళు దాటితే కుదరదు. లాయరు ఖర్చుకు భయపడేవాళ్ళు జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

గ్రూపు లోనువాళ్ళు రాత్రి ఎనిమిదింటికి ఇంటి ముందు కూర్చుంటుండారు.

సాయంత్రం ఆరు తర్వాత, ఉదయం తొమ్మిదికి ముందు మైక్రోఫైనాన్స్ వసూలుకు రాకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. వీడియో తీసి ముందు ఆ సంస్థకు, నెల రోజుల్లో కదలిక లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) పంపండి. ఒక అప్పు కట్టడానికి ఇంకో అప్పు మాత్రం తేవద్దు. పని పోయిందని కాగితంతో వాయిదాలు తగ్గించమని అడగడానికి సిగ్గు పడాల్సిన పని లేదు.

## వేరే పని చూసుకునేటప్పుడు

ఒడిశా, బీహారువాళ్ళు తక్కువకు వస్తుండారు కాబట్టే కదా మాకు పని పోతోంది?

తక్కువకు రావడం కంటే, ప్లాంటు క్వార్టర్లలోనే ఉంటూ రాత్రి ఒంటిగంటకు లోడు వచ్చినా లేచి రావడం యజమానికి నచ్చుతుంది. మన ఊరి మనిషికి ఇల్లు, పిల్లలు, చావు, పెళ్ళి ఉంటాయి. కనీస వేతనం ఇద్దరికీ ఒకటే, తక్కువ ఇస్తే తప్పు ఇచ్చినవాడిది. డల్ అయితే వాళ్ళ పరిస్థితి మనకంటే అన్యాయం. పని లేదు, తిండికి కోత, టికెట్‌కు డబ్బుల్లేవు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద వాళ్ళ ఊరి కార్డు మీద ఇక్కడి డిపోలో బియ్యం తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. మీ పక్క గదిలో ఉంటే చెప్పండి.

మా వాడికి క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ ఇచ్చి ఏడాదిగా జాయినింగ్ ఇవ్వట్లేదు. కాచుకోవాలా?

కాచుకోవద్దు, చిన్న కంపెనీ అయినా చేరమనండి. మాంద్యంలో చదువు ముగించినవాళ్ళ జీతాలు ఎన్నేళ్ళు వెనకబడతాయో కెనడాలో పరిశోధించారు. ఆ తేడా మాసిపోవడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. తొందరగా తేరుకున్నవాళ్ళు మొదట దొరికిన చిన్నచోట చేరి, మార్కెట్ లేవగానే మెరుగైన కంపెనీకి మారినవాళ్ళు. అమీర్‌పేటలో మూడో కోర్సుకు డబ్బు కట్టే బదులు ఒంగోల్లోనే ఒక కటింగ్ మిల్లు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ చూసినా రెజ్యూమేలో ఖాళీ ఉండదు. బ్యాక్‌డోర్ (దొడ్డిదారి ఉద్యోగం) అని లక్షలు అడిగేవాళ్ళు ఈ సీజన్‌లోనే పుట్టుకొస్తారు, జాగ్రత్త.

ఊరికొచ్చేశాం. ఉపాధి హామీలో మాకు పని ఇస్తారా?

జాబ్ కార్డు ఉంటే ఇవ్వాలి. 2005 చట్టంలో ఇంటికి 100 రోజులు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టంలో 125 రోజులు, అయితే నాట్లు, కోతల కాలంలో 60 రోజుల దాకా పని ఆపే వీలు పెట్టారు. కుటుంబంలో అన్న పేరు మీదే కార్డు ఉంటే ఆ రోజులు ఇద్దరూ పంచుకోవాలి. పెళ్ళై వేరుపడినవాళ్ళు వేరే కార్డుకు అర్జీ పెట్టుకోవచ్చు.

గల్ఫ్‌కు పోతే మేలా?

లైసెన్సు ఉన్న ఏజెంటో కాదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో చూడండి. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ దాటి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద పోయి పని చూసుకుందామంటే వద్దు.

## మళ్ళీ పని మొదలైతే

ప్లాంటు తెరిచారు. కొత్తవాళ్ళని తీసుకుంటుండారు గానీ నన్ను పిలవలేదు.

తొలగించిన ఏడాదిలోపు మళ్ళీ మనుషుల్ని తీసుకుంటే పాతవాళ్ళకు ముందు అవకాశం ఇవ్వాలి. తీసేసినట్టు కాగితం ఉన్నవాడికే ఇది గట్టిగా పనిచేస్తుంది. కొత్తవాళ్ళ గేట్ పాస్ తేదీలు కనుక్కుని, మీ టోకెన్ నంబరు వేసి, నేను పనికి సిద్ధంగా ఉన్నానని రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకోండి.

మళ్ళీ పిలిచారు, కానీ కొత్తగా చేరినట్టు రాస్తుండారు. ఏమన్నా నష్టమా?

లే-ఆఫ్‌లో ఉండి తిరిగి వస్తే సర్వీసు తెగదు. కొత్త చేరికగా రాస్తే గ్రాట్యుటీ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. చేరే ఫారంలో తేదీ చూసి సంతకం పెట్టండి. పీఎఫ్‌కు పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) నంబరే ఇవ్వండి. "సిస్టమ్ తీసుకోవట్లేదు, కొత్తది చేద్దాం" అంటే ఆధార్‌తో వెతకమనండి, దొరుకుతుంది.